కార్డు వెనక ఎర్ర మరక

సొల్ గిల్మాన్‌కి అరవై ఎనిమిదేళ్లు నిండినా కోపం మాత్రం పాతికేళ్ల కుర్రాడిదే. ఆ కోపమంతా ఆ రోజు పొద్దున తొంగ్‌యొంగ్ ఊళ్లో, వినియోగదారుల సలహా కేంద్రంలో, ఒక చిన్న ఫొటో మీద పడింది. ఫొటోలో ఉన్నది ఆయన భార్య పాంగ్ మల్సున్ క్రెడిట్ కార్డు వెనక వైపు. అక్కడ తెల్ల పట్టీ ఖాళీగా ఉంది. ఒక మూల ఎక్కడో లేత ఎరుపు మరక, దోమని చంపి తుడిచినట్టు.

"సంతకం లేదు బాబాయిగారూ," అంది సలహాదారు కూ యొన్హి. నలభై దాటిన మనిషి, కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది. "కార్డు దొంగలు వాడేస్తే ఆ నష్టం కంపెనీయే భరించాలి, రూలు అలాగే ఉంది. కానీ కార్డు వెనక సొంతదారు సంతకం చేసి ఉండాలి. చెయ్యకపోతే తప్పు సొంతదారుదే."

"అంటే?"

"అంటే నలభై మూడు లక్షల డెబ్బై వేల వోన్‌లూ మీరే కట్టాలంటోంది కంపెనీ."

"దొంగెవడో బూసాన్ వెళ్లి బంగారు గొలుసులు కొనుక్కుంటే నేను కట్టాలా! మా ఆవిడ మెడలో ఇన్నేళ్లలో ఒక్క గొలుసు వెయ్యలేకపోయాను. ఆ దొంగ ముండాకొడుకు మెడలో వెయ్యాలా?"

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. గిల్మాన్ అటు గుడ్లురిమి చూశాడు.

జరిగింది ఇదీ. రెండు నెలల కిందట సొహో బజారులో తన ఎండు నెత్తళ్ల చేపల అంగడి ముందు మల్సున్ కుప్పకూలింది. పక్షవాతం. కుడి వైపంతా పడిపోయింది, నోట మాట పడిపోయింది. జనం మూగారు, ఎవరో నీళ్లు చల్లారు, ఎవరో అంబులెన్సు అన్నారు. ఆ గొడవలో ఎవడో పుణ్యాత్ముడు ఆమె ఏప్రన్ జేబులోంచి పర్సు లాగేశాడు. గిల్మాన్ ఆస్పత్రి వరండాలో తల పట్టుకు కూర్చున్న ఆ మధ్యాహ్నమే వాడు బూసాన్‌లో నాలుగు దుకాణాలు తిరిగాడు. తరవాత కార్డు బస్టాండు చెత్తబుట్టలో దొరికింది. వాడు దొరకలేదు.

ఆ డబ్బు కట్టాలంటే ఒక్కటే దారి. బజారులో మల్సున్ అంగడి చోటు అమ్మెయ్యాలి. ఆరడుగుల బల్ల, పైన రేకు, అంతే. కానీ ముప్పై ఏళ్లుగా ఆమె కూర్చున్న చోటు. లేచి తిరిగితే మళ్లీ అక్కడికే వెళ్తుందని డాక్టరు మొహం చూసి కూడా గిల్మాన్ నమ్ముతూనే ఉన్నాడు. ఆ చోటు పోతే ఆమె దేనికోసం లేవాలి?

"ఒక్క నెత్తలి ఎక్కువ తూగినా తిరిగి తీసుకునే మనిషమ్మా మా ఆవిడ," అన్నాడు యొన్హితో. "అంత జాగ్రత్త గల మనిషి పేరు గీకడానికి బద్ధకించిందంటే ఏం చెప్పను!"

ఆ విసురుతోనే ఆస్పత్రికి వెళ్లాడు. వెళ్లకుండా ఉండాల్సింది. ఆరు మంచాల వార్డు, కిటికీ పక్క మంచం మీద మల్సున్. నోరు ఒక పక్కకి జారి ఉంది. కళ్లు మాత్రం పాత మల్సున్‌వే, అన్నీ చూస్తాయి. గిల్మాన్ ఫొటో జిరాక్సు ఆమె మొహం ముందు పెట్టాడు.

"ఏమే, మూడక్షరాల పేరు గీకడానికి నీకేం రోగమొచ్చింది? పెన్ను లేకపోతే నన్నడగలేవూ? చూడు, ఖాళీ! ఈ ఖాళీ మన కొంప ముంచింది."

ఆమె కాగితం వంక చూసింది, ఆయన వంక చూసింది. ఎడమ కంట్లోంచి నీళ్లు చెవిలోకి జారాయి. పక్క మంచం ముసలామె "అయ్యో పాపం, మాట రాని మనిషిని పట్టుకుని ఏంటయ్యా ఆ అరుపులు!" అని కసిరింది. గిల్మాన్‌కి సిగ్గేసింది. సిగ్గేస్తే ఆయనకి ఇంకా కోపం వస్తుంది. జిరాక్సు నలిపి జేబులో కుక్కుకుని బయటికి వచ్చేశాడు.

నేరుగా బజారుకి పోయాడు. మల్సున్ అంగడిని ఇప్పుడు పక్క అంగడి బొక్‌జా చూస్తోంది. బొక్‌జా మల్సున్ కంటే పదేళ్లు చిన్న. గుల్లలు అమ్ముతుంది, నోరు గుల్ల కత్తి కన్నా పదును.

"బావగారూ, మొహం చూస్తే పులిసిన కిమ్చీ పచ్చడిలా ఉంది, ఏం జరిగింది?"

గిల్మాన్ చెప్పాడు. సంతకం లేదన్న మాట వినగానే బొక్‌జా చేతిలో గుల్ల అలాగే ఆగిపోయింది.

"అక్క సంతకం చెయ్యకేం? చేసింది. నా కళ్లెదురుగానే."

"ఖాళీగా ఉంది కదే!"

"సంతకమంటే... ముద్ర వేసింది. ఆ ఏడు రోడ్డు మీద బల్లలేసుకుని కార్డులు పంచారు చూడండి, దుప్పటి ఉత్తినే ఇచ్చారు, గుర్తుందా? ఆ అమ్మాయి ఏమందంటే, ఫారం మీద నీ పేరు ముద్ర కొట్టు పెద్దమ్మా చాలు, మిగతాది నేను నింపుకుంటానంది. కార్డు పోస్టులో వచ్చింది. వెనకాల ఏదో పెట్టాలంట కదా అని అక్క తన పేరు చెక్కిన కొయ్య ముద్ర తీసి, ఎర్ర సిరాలో అద్ది, ఆ తెల్ల పట్టీ మీద నొక్కి పెట్టింది. ఊది ఊది ఆరబెట్టింది. ప్లాస్టిక్ మీద అది నిలుస్తుందా! రెండు రోజులకే ఏప్రన్‌కి అంటుకుని చెరిగిపోయింది. మళ్లీ వేసింది, మళ్లీ చెరిగింది. మూడోసారి విసుగెత్తి వదిలేసింది."

"ముద్రెందుకే! పెన్నుతో గీకితే పోయేదిగా?"

బొక్‌జా చేతిలో గుల్లని బుట్టలో పడేసి, గొంతు తగ్గించింది. 

"మీకు నిజంగా తెలీదా బావగారూ? అక్కకి రాయడం రాదు."

గిల్మాన్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. నలభై ఒక్క ఏళ్ల కాపురం. బిల్లు వస్తే "నా కళ్లు మసక, నువ్వు చూడు" అనేది. బ్యాంకుకి వెళ్తే ముద్ర, పోస్టాఫీసులో ముద్ర, పిల్లకి పెళ్లి చేసినప్పుడు రిజిస్టరులో ముద్ర. ఈ దేశంలో చేతిలో ముద్ర ఉంటే చదువొచ్చా రాదా అని ఎవడడుగుతాడు? అంకెలు వచ్చు, తూకం వచ్చు, లెక్క నోటి మీద. కళ్లు మసకేమో అనుకున్నాడు. అయితే సూదిలో దారం మాత్రం ఒక్క పోటులో ఎక్కించేది! అది చూసి కూడా తట్టని మొద్దు బుర్ర తనది.

"మీకు తెలిస్తే చచ్చిపోతాననేది," అంది బొక్‌జా. "మీరు ఆరో తరగతి దాకా చదివారని అక్కకెంత గొప్పో! ఈ ఏడాది సంక్షేమ భవనంలో ముసలాళ్లకి అక్షరాల బడి పెడితే నేనే ఈడ్చుకెళ్లి చేర్పించాను. మంగళవారం, శుక్రవారం."

"మంగళ, శుక్రవారాలు ఊరి వేన్నీళ్ల స్నానశాలకి కదా వెళ్లేది?"

"ఏ స్నానశాల! బడి అయ్యాక నా కుళాయి కింద తల తడుపుకుని ఇంటికొచ్చేది. చలికాలంలో కూడా. నేను తిట్టేదాన్ని, జలుబు చేస్తుందక్కా, చెప్పెయ్ ఆయనకి అని. పేరు తిన్నగా రాయడం వచ్చాక చెప్తానే అనేది."

వారానికి రెండుసార్లు స్నానమేంటే, నువ్వేమైనా రాజుగారి కూతురివా అని తను వేళాకోళం చేసిన సంగతి గిల్మాన్‌కి గుర్తొచ్చింది. తడి జుట్టుతో నిలబడి ఆమె ఆ మాటకి నవ్వేది.

బొక్‌జా నెత్తళ్ల పెట్టె కిందనుంచి ఒక గుడ్డ సంచి తీసింది. అందులో గళ్ల నోటు పుస్తకం ఉంది. పేజీ నిండా పాంగ్ మల్సున్, పాంగ్ మల్సున్. మొదటి పేజీల్లో అక్షరాలు తాగినవాళ్లలా పడిపోతున్నాయి, పోనుపోను నిలబడ్డాయి. పుస్తకం కింద ఆమె కొయ్య ముద్ర, ఎర్ర సిరా డబ్బీ, రబ్బరు బ్యాండు వేసిన ఉత్తరాల కట్ట. పైన దస్తూరీ గిల్మాన్‌దే.

అవి పాతికేళ్ల కిందట సౌదీ ఎడారిలో రోడ్డు పనికి వెళ్లినప్పుడు ఆయన రాసినవి. రెండేళ్లు, నెలకొకటి. అంటించిన కవర్లు అంటించినట్టే ఉన్నాయి, మూడు తప్ప. ఎవరి చేతా చదివించుకోలేదన్నమాట. మొగుడి మాట ఇంకొకళ్ల నోట్లోంచి వినడం ఆమెకి ఇష్టం లేదో, రాదని చెప్పుకోలేకపోయిందో. ఆ మూడూ ఈమధ్యే విప్పినవి. ఒక్కో అక్షరం కింద పెన్సిలు చుక్క. కూడబలుక్కుని చదివిన గుర్తు.

మూడో ఉత్తరం తీసి చూశాడు. తన ముత్యాల్లాంటి అక్షరాలు. "అందరికీ ఇంటినుంచి ఉత్తరాలు వస్తాయి. రాత్రి అన్నాల దగ్గర పైకి చదువుకుంటారు. నేను ఒక్కణ్ణే గోడ చూస్తూ తింటాను. నీది మనసా, రాయా? నీ చేత్తో ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోతుంది?" ఆఖరి మాట దాకా పెన్సిలు చుక్కలు ఉన్నాయి.

గిల్మాన్ గుల్లల బుట్ట మీద కూలబడ్డాడు. ఇంకొకటి గుర్తొచ్చింది, అదే ఆయన్ని నరికేసింది. ఎడారికి ఆమె పార్సెళ్లు పంపేది, పైన చిరునామా పోస్టాఫీసు వాళ్ల దస్తూరీ. పదకొండు వచ్చాయి. నెత్తళ్లు, మిరప ముద్ద, ఉన్ని మేజోళ్లు. ప్రతి పార్సెల్లో అన్నిటికన్నా పైన నాలుగు మడతలు పెట్టిన తెల్ల కాగితం ఉండేది. విప్పితే మధ్యలో ఎర్రగా ఆమె పేరు ముద్ర, ఇంకేం లేదు. పోస్టాఫీసు వాళ్ల చీటీ ఏదో అనుకున్నాడు. ఒకదానితో చేతి గ్రీజు తుడుచుకున్నాడు. మిగతావి ఏం చేశాడో కూడా గుర్తు లేదు. తిరిగొచ్చాక ఇన్నేళ్లూ, రెండు గ్లాసులు పడినప్పుడల్లా "ఒక్క ఉత్తరం రాయని రాతి గుండె" అని పదిమందిలో దెప్పాడు. ఆమె చేపముల్లు తీస్తూ తల వంచుకునేది.

"బావగారూ, మంచినీళ్లు తెమ్మంటారా?" అంది బొక్‌జా. ఆయన గుడ్డ సంచి చంకన పెట్టుకుని లేచాడు.

మర్నాడు యొన్హికి అంతా చెప్పాడు. చెప్పడానికి నోరు రాక మధ్యలో రెండుసార్లు లేచి బయటికి వెళ్లొచ్చాడు. యొన్హి కళ్లజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి దించింది.

"బాబాయిగారూ, ఇది చెప్పాల్సిన సంగతే. చదవడం రాయడం రాని మనిషికి రోడ్డు మీద కార్డు అంటగట్టారు. సంతకం సంగతి విడమరిచి చెప్పలేదు. చెప్పి తీరాలి, అది కంపెనీ బాధ్యత. పోట్లాడితే సగమైనా తగ్గిస్తారు. సగం తగ్గితే అంగడి నిలబడుతుంది కదా?"

"నిలబడుతుంది."

"అయితే పెద్దమ్మకి నిజంగా రాయడం రాదా అని కంపెనీ మనిషి వచ్చి చూసుకుంటాడు. నేనూ పక్కనే ఉంటాను."

గిల్మాన్‌కి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆమె జీవితమంతా దాచుకున్నది పరాయివాడి ముందు విప్పి చూపించాలి. కానీ అంగడి! ఒప్పుకున్నాడు, యొన్హి చెప్పినట్టు కంపెనీకి పిటిషను రాసిచ్చాడు. ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చుని "రేపు ఒకాయన వస్తాడే, నువ్వేం చెయ్యక్కర్లేదు, ఊరికే పడుకో," అన్నాడు. ఉత్తరాల సంగతి ఎత్తలేదు. ఎలా ఎత్తాలో తెలియలేదు.

కంపెనీ మనిషి పేరు తక్. ముప్పై అయిదేళ్లుంటాయి. మంచివాడే, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే గిల్మాన్ హాయిగా తిట్టుకునేవాడు. బూట్లు విప్పబోయి, ఇది ఆస్పత్రి కదా అని గుర్తొచ్చి, నడుం వంచి దణ్ణం పెట్టాడు. యొన్హి మంచం కాళ్ల వైపు నిలబడింది.

"పెద్దమ్మగారూ, ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి," అని తక్ ఒక అట్టకి బిగించిన తెల్ల కాగితం ఆమె ముందు పెట్టాడు. "మీకు చదవడం, రాయడం రాదని మీ ఆయన రాసిచ్చారు. నిజమే అయితే తల ఊపండి చాలు."

వార్డంతా వింది. పక్క మంచం ముసలామె పళ్లు తోముకునేదల్లా ఆగింది. మల్సున్ కళ్లు గిల్మాన్ మీదికి తిరిగాయి. ఆ కళ్లలో కోపం ఉన్నా బాగుండేది. నీకు తెలిసిపోయిందా అన్న భయం ఉంది, కొత్తపెళ్లికూతురి భయం లాంటిది. గిల్మాన్ తల దించుకున్నాడు. గబగబా చెప్పాలనిపించింది, ఉత్తరాలు చూశానే, పెన్సిలు చుక్కలు చూశానే అని. పదిమందిలో నోరు పెగల్లేదు. రెండు గ్లాసులు పడినప్పుడు మాత్రం ఎంత బాగా పెగిలేదో.

ఆమె తల ఊపలేదు. ఎడమ చెయ్యి దుప్పటి కిందనుంచి బయటికి వచ్చింది. తక్ జేబులోని పెన్సిలు వైపు వేళ్లు చాపింది.

"వద్దే," అన్నాడు గిల్మాన్.

తక్ ఏమనుకున్నాడో, పెన్సిలిచ్చాడు. జీవితంలో ఎడమ చేత్తో చెంచా కూడా పట్టని మనిషి. పెన్సిలు రెండుసార్లు జారింది. మూడోసారి పిడికిలితో బిగించి పట్టుకుంది. మొదటి అక్షరం రాయడానికి అయిదు నిమిషాలు పట్టింది. యొన్హి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏం జరుగుతోందో ఆమెకి ముందే అర్థమైంది. రెండోది వంకర పోయింది. మూడోది కాగితం అంచు దాకా జారింది. అయినా చదవొచ్చు. పాంగ్ మల్సున్. రాసి, పెన్సిలు వదిలేసి, కాగితాన్ని వేలి చివర్లతో నెట్టింది. తక్ వైపు కాదు, గిల్మాన్ వైపు.

 గిల్మాన్ ఆ కాగితం వంక చూశాడు. నీ చేత్తో ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోతుంది అని అడిగాడు కదా పాతికేళ్ల కిందట. ఏం పోతుందో ఇప్పుడు తెలిసింది. తగ్గుతాయనుకున్న ఇరవై ఒక్క లక్షల పైచిలుకు, అంగడి చోటు.

"మరి... రాయడం వచ్చు," అన్నాడు తక్ చాలా చిన్న గొంతుతో. "నేను చూసింది చూసినట్టు రాయాలి తాతగారూ."

"కార్డు తీసుకున్న రోజుకి రాదు! నేర్చుకుంది ఈ ఏడాది," అంది యొన్హి. "పంతులమ్మ చేత రాయిస్తాను, పై కమిటీకి వెళ్తాం. ఏడాది పట్టినా సరే, గెలవచ్చు బాబాయిగారూ, వదలద్దు."

"వెళ్లండి, అది మీ హక్కు," అన్నాడు తక్. కాగితాన్ని అట్టనుంచి తీశాడు. "ఇది మాత్రం ఫైల్లో పెట్టాలి."

"ఏయ్, ఆగు," అన్నాడు గిల్మాన్. "అది నాది."

"సాక్ష్యం కదండీ, అసలు కాగితమే ఉండాలి. మీకు జిరాక్సు ఇస్తాను."

"జిరాక్సు నాకెందుకయ్యా! ఆవిడ చెయ్యి ఆనింది దాని మీద."

"బాబాయిగారూ," అంది యొన్హి మెల్లగా, "పెద్దమ్మ చేత ఇంకోటి రాయించుకుందురు గాని."

"ఇది మొదటిదమ్మా. అడక్కుండా నాకు రాసింది." ఆయన గొంతు అరుపులోంచి ఏడుపులోకి జారింది. "పిటిషనే లేకపోతే? ఫైలుండదు కదా. ఫైలు లేకపోతే ఈ కాగితంతో నీకేం పని?"

తక్ తెల్లబోయాడు. "పిటిషను వెనక్కి తీసుకుంటే మొత్తం కట్టాలి తాతగారూ. ఆలోచించండి."

గిల్మాన్ భార్య వైపు వంగాడు. ఇంతసేపూ ఆయన్ని చూస్తూనే ఉంది. "అంగడి పోతుందే. నీ అంగడి. ఏమంటావ్?" అన్నాడు. ఆమె ఎడమ చెయ్యి లేచింది. ఆయన చొక్కా జేబు మీద వాలింది. కాగితం అక్కడ పెట్టుకొమ్మని.

తక్ బ్యాగులోంచి ఇంకో ఫారం తీశాడు. పిటిషను వాపసు. కార్డు ఎవరి పేర ఉందో వాళ్ల సంతకమే కావాలన్నాడు. "పెద్దమ్మని మళ్లీ కష్టపెట్టద్దు. పేరు ముద్ర ఉంటే కొట్టెయ్యండి, చాలు."

గిల్మాన్ తలెత్తాడు. "దీని మీద ముద్ర చెల్లుతుందా?"

తక్ నేల చూశాడు. యొన్హి కిటికీ వైపు తిరిగి కళ్లజోడు తుడుచుకుంది. గుడ్డ సంచిలోంచి కొయ్య ముద్ర తీసి, ఎర్ర సిరాలో అద్ది, గిల్మాన్ నొక్కి కొట్టాడు. కాగితం మీద అది ఎంత చక్కగా నిలిచిందో! తక్ ఆ ఫారం తీసుకుని, పేరు రాసిన కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆయనకి ఇచ్చి, వచ్చినప్పటి కన్నా ఎక్కువ వంగి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

పదిహేను రోజులకి అంగడి చోటు అమ్ముడుపోయింది. కొన్నవాడు ఫోను కవర్లు పెట్టాడు. నెల తిరక్కుండా మల్సున్‌కి రెండో దెబ్బ తగిలింది. ఎడమ చెయ్యీ పడిపోయింది. ఆ కాగితం తరవాత ఆమె ఇంకేమీ రాయలేదు.

కానీ అదంతా తరవాతి మాట. ఆ మధ్యాహ్నం అందరూ వెళ్లాక గిల్మాన్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. కాగితాన్ని ఒకసారి మడిచాడు, ఇంకోసారి మడిచాడు. నాలుగు మడతలయ్యాయి. జేబులో పెట్టుకుంటూ ఉంటే ఆమె ఆ మడతల వంకే చూస్తోంది. గిల్మాన్‌కి ఇక ఆగలేదు.

"అందాయే," అన్నాడు. "ఎడారికి రాశావు కదా. పదకొండూ అందాయి."

మల్సున్ కళ్లు పెద్దవయ్యాయి. అవెక్కడున్నాయని అడగడానికి ఆమెకి మాట లేదు. గిల్మాన్ ఆమె చెయ్యి పట్టుకుని, ఎవరు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.